వెన్న – రుచియు, వెలయు

మన భాషలో వెన్నకు ఉన్నంత చనువు మఱి యే పాడివస్తువునకును లేదు. పసితనమున అలవడిన నేర్పును ‘వెన్నతో పెట్టిన విద్య’ అందుము. దొంగతనము చేసియు ముద్దు చెల్లించుకొన్నవాడు వెన్నదొంగ యొక్కడే. ఇంతగా ఇంటిదైన యీ వస్తువు నేడు నిగనిగలాడు కాగితములు చుట్టుకొని, పేరుపేరునకు ఒక్కొక్క వెలతో, అంగళ్ల ఫ్రిజ్జులలో కూర్చున్నది. ఒక పొట్లమునకంటె మఱియొక పొట్లము మూడింతలు, నాలుగింతలు వెల పలుకుచున్నది. ఈ తేడా రుచిలోనిదా, సరకులోనిదా, లేక పై కాగితములోనిదా అను ప్రశ్న వెచ్చము చూచుకొను ప్రతి గృహిణికిని ఏదో యొకనాడు రాక తప్పదు. దానికి సమాధానమును మేము విదేశపు నగరముల నుండి మొదలుపెట్టక, కర్నూలు జిల్లా పడమటి కొసనున్న పెద్దకడుబూరు నుండి మొదలుపెట్టుచున్నాము.

పెద్దకడుబూరు ఆదోని, ఎమ్మిగనూరు పట్టణముల నడుమనున్న మండల కేంద్రము. చుట్టును నల్లరేగడి నేలలు. ప్రత్తి, జొన్న, చెనక్కాయ ఇచటి పాతకాపులు. ఆదోని ప్రత్తి బేరమునకు పేరుపడ్డ పట్టణము. 1953 అక్టోబరు 1వ తేదీ వఱకును ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. కావున ఈ సీమలో తెలుగునకును కన్నడమునకును నడుమ గోడ లేదు. ‘వెన్న’ యన్నను ‘బెణ్ణె’ యన్నను పలుకువారికి తెలియును. గేదెను ఎనుము అందురు. తెల్లవారుజామున కవ్వమాడు ఇండ్లు ఇంకను కొన్ని ఉన్నవి. అదే ఊరిలో పొట్లపు వెన్నయు దొరకును. చేతి వెన్నను, యంత్రపు వెన్నను ప్రక్కప్రక్కన పెట్టి చూచుటకు ఇట్టి చోటే తగినది.

ముందుగా వెన్న యనగా నేమో తెలిసికొందము. పాలలో కొవ్వు మిక్కిలి సన్నని గుండ్లుగా నీటిలో తేలుచుండును. చిలికినపుడు ఆ గుండ్ల పై పొర పగిలి, కొవ్వు ఒకదానికొకటి అంటుకొని ముద్ద కట్టును. పాలలో నీటియందు కొవ్వు తేలుచుండగా, వెన్నలో కొవ్వునందు నీటి తుంపరలు చిక్కుకొని యుండును. అనగా వెన్న యెంత మంచిదైనను అందులో నీరు తప్పదు. ఆ నీరెంత యను దానిమీదనే సగము వ్యవహారము నడచును. మన దేశపు ఆహార ప్రమాణముల ప్రకారము రొట్టెకు రాచుకొను ‘టేబుల్ బటర్’లో నూటికి 80 పాళ్లకు తగ్గక పాలకొవ్వు ఉండవలెను, నీరు 16 పాళ్లు మించరాదు, ఉప్పు 3 పాళ్లు మించరాదు. ఫ్రాన్సు దేశపు ఉప్పులేని వెన్నలో సామాన్యముగా 82 పాళ్ల కొవ్వుండును. ఈ రెండు పాళ్ల హెచ్చే ‘మేలురకము’ అను మాటకు మొదటి ఆధారము. రొట్టెలు, పొరల పిండివంటలు కాల్చువారికి ఈ రెండు పాళ్లు నిజముగానే ఉపయోగపడును. వేడి జొన్నరొట్టెమీద పెట్టుకొనువారికి ఈ తేడా నాలుకకు తెలియునని మాకు తోచదు.

రుచి విషయము వేఱు. వెన్నకు రుచిని, వాసనను ఇచ్చునది ప్రధానముగా దాని పుట్టుక. మీగడను తియ్యగా నున్నప్పుడే చిలికిన వెన్న ఒక జాతి. పులియబెట్టి చిలికినది మఱియొక జాతి. పులిసినప్పుడు తోడులోని సూక్ష్మజీవులు పాలలోని నిమ్మపులుపును పోలిన పదార్థమును తిని, డయాసిటైల్ అను సుగంధద్రవ్యమును పుట్టించును. ‘వెన్నవాసన’ అని మనము ముచ్చటపడునది చాలవఱకు అదియే. 1878లో స్వీడను దేశమున గుస్తాఫ్ ద లవాల్ అనునతడు మీగడను తిప్పి వేఱుచేయు యంత్రమును కనిపెట్టెను. అంతవఱకు మీగడ తనంతట తాను తేలువఱకు గంటల కొలది వేచియుండవలసి వచ్చెడిది; ఆ లోపల అది పులిసెడిది. యంత్రము వచ్చిన పిదప మీగడ క్షణములో చేతికి వచ్చెను గాని, పులుపు పోయెను. పులుపుతో వాసనయు పోయెను. అందుచేత డెన్మార్కు శాస్త్రజ్ఞుడు స్టార్చ్ 1890లో మంచి సూక్ష్మజీవులను వేఱుచేసి, కాచి చల్లార్చిన మీగడకు తోడుగా వేయు పద్ధతిని లోకమునకు తెలిపెను. మన అవ్వలు ప్రతి రాత్రియు గిన్నెలో నిన్నటి పెరుగు చెంచాడు వేసి చేయు పని యిదియే.

ఇచట ఒక్క విశేషమును గమనింపవలెను. ఐరోపావారు మీగడను మాత్రమే పులియబెట్టుదురు. మనవారు పాలనంతయు కాచి, తోడువేసి, పెరుగంతయు చిలుకుదురు. కాచుటవలన పాలకు ఒక పాకపు రుచి వచ్చును. పెరుగు వలన పులుపు వచ్చును. ఈ రెండును కలిసినదే మన చల్లకుండ వెన్న. ఈ పద్ధతిలో కొంత కొవ్వు మజ్జిగలో నిలిచిపోవును. యంత్రమంత పొదుపుగా తీయజాలదు. అయినను ఆ మజ్జిగ పాఱవేయునది కాదు గదా! అది అంబలిలోనికి పోవును, అన్నములోనికి పోవును, పొరుగింటి చెంబులోనికిని పోవును.

చిలుకుటకు వేళ కూడ ముఖ్యమే. కొవ్వు కొంత గట్టిగాను, కొంత మెత్తగాను ఉన్నపుడే గుండ్లు చక్కగా అంటుకొనును. మిక్కిలి వేడిగా నున్న కొవ్వు నూనెవలె జారిపోయి మజ్జిగలో కలిసిపోవును. మిక్కిలి చల్లనైనచో ఎంతసేపు కవ్వమాడినను కూడదు. ఆదోని ప్రాంతమున ఏప్రిల్, మే మాసములలో పగటివేడి 40 డిగ్రీలు దాటును. వెన్న కరగుటకు 32 నుండి 35 డిగ్రీలు చాలును. కావుననే చిలుకుట కోడికూత వేళను జరుగును, కావుననే మట్టికుండ. కుండ చెమర్చి ఆరునపుడు లోని పెరుగు చల్లబడును. వెన్న కూడు సమయమున చెంబెడు చన్నీళ్లు పోయుదురు. ఇవి ఆచారములుగా కనబడును గాని, ప్రతిదానికిని లెక్క యున్నది.

ఇక పొట్లపు వెన్న కథ. మన దేశమున రొట్టెకు రాచుకొను పసుపు వెన్నను ఇంటింటి మాట చేసినది బొంబాయి వర్తకుడు పెస్తోంజీ ఎదుల్జీ దలాల్ నడపిన ‘పాల్సన్’. ఉప్పు వేసిన, పులిసిన మీగడనుండి తీసిన వెన్న అది. దాని పేరు ఎంతగా ప్రచారమైనదనగా, బొంబాయిలో ముఖస్తుతి చేయుటకు ‘పాల్సన్ పూయుట’ అను నానుడి పుట్టినది. 1946 డిసెంబరులో ఏర్పడిన ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘము ఆనందు పట్టణమున పాడి పరిశ్రమను నెలకొల్పి, ‘అమూల్’ పేర వెన్నను తెచ్చినది. అది అప్పటికప్పుడు తీసిన మీగడతో చేసినది. గేదెపాలది గనుక తెల్లనిది. అంతకంటె స్వచ్ఛమైన వెన్న యేమి కావలెను? అయినను కొనువారికి అది చప్పగా తోచినది. వారి నాలుకకు పాల్సన్ అలవాటై యుండెను. తుదకు అమూల్ వారును ఉప్పును, రంగును, డయాసిటైల్ అను సుగంధద్రవ్యమును చేర్చుకొనవలసి వచ్చినదని ఆ సంస్థను నడిపిన వర్గీస్ కురియన్ తన ఆత్మకథలో వ్రాసికొనెను. ఈ వృత్తాంతము మాకు మిక్కిలి ఆలోచనీయముగా కనబడును. ‘మంచి వెన్న’ యనునది నాలుకపై ముందు పడిన ముద్దను బట్టి యుండునే గాని, తరాజులో తూగునది కాదు. బొంబాయి వాసులకు పాల్సన్ ఎట్లో, పెద్దకడుబూరు బిడ్డకు చల్లకుండ అట్లు.

రంగును గూర్చి ఒక మాట. పసుపు వెన్న మేలనియు, తెల్ల వెన్న తక్కువయనియు పట్టణములలో ఒక అపోహ కలదు. ఆవు పచ్చగడ్డి తిన్నపుడు అందలి కెరోటిన్ కొంత పాలలోనికి వచ్చి వెన్నకు పసుపు రంగు నిచ్చును. ఐర్లండు వెన్న బంగారము వలె ఉండుటకు కారణము అక్కడి ఆవులు ఏడాదిలో చాల నెలలు పచ్చికబయళ్లలో మేయుటయే. మన ఎనుము కెరోటిన్‌ను పాలలోనికి రానీయక, దానినంతయు విటమిన్ ‘ఏ’గా మార్చివేయును. కావున దాని వెన్న తెల్లగా నుండును. సత్తువలో లోపమేమియు లేదు. పొట్లములలో కనబడు పసుపునకు అనేక పర్యాయములు కారణము జాఫ్రా గింజల రంగు. అది హానికరము కాదు, నియమవిరుద్ధమును కాదు; కాని ఆ రంగునకు అదనముగా డబ్బు ఇచ్చుట అనవసరము.

ఎనుము వెన్నకును ఆవు వెన్నకును గట్టితనములోను తేడా కలదు. ఎనుము పాలలో కొవ్వుగుండ్లు పెద్దవి. అందుచేత త్వరగా కూడును. ఆ కొవ్వు కొంచెము ఎక్కువ వేడికి గాని కరగదు. దీనికి తోడు ఆదోని ప్రాంతపు విశేషము మఱొకటి యున్నది: ప్రత్తిగింజలు. ప్రత్తి పండు సీమలలో పాడిపశువునకు ప్రత్తిగింజలు, ప్రత్తిచెక్క పెట్టుట పరిపాటి. పాలలో వెన్న శాతము పెరుగునని రైతుల నమ్మకము. ఆ గింజలోని నూనె పశువు కడుపులో మార్పు చెంది పాలకొవ్వును గట్టిపఱచును. అందుచేత ప్రత్తిసీమ వెన్న వ్రేలితో నొక్కిన త్వరగా జారదు. దాని నెయ్యి పూసపూసగా పేరుకొనును. మితిమీఱి పెట్టినచో వెన్న మైనమువలె అయి రుచి చెడును. కొలతలో నున్నంతవఱకు, ఎండలు మండు ఈ నేలలో ఆ గట్టితనము వరమే.

కాని ఆ వరము వెనుక ఒక చిక్కు కూడ కలదు. నేయి స్వచ్ఛమైనదా కాదా యని పరీక్షించువారు అందులో ఆవిరియగు ఆమ్లముల లెక్కను చూతురు. ప్రత్తిగింజలు తిన్న పశువు నేతిలో ఆ లెక్క తక్కువగా వచ్చును. అంతేకాక ప్రత్తిగింజల నూనె కల్తీని పట్టుకొను హాల్ఫెన్ పరీక్షకు కూడ ఇట్టి నేయి కొన్ని పర్యాయములు రంగు తిరుగును. కల్తీ యేమియు లేకున్నను కల్తీ యన్న నింద రావచ్చును! ఈ అన్యాయమును గుర్తించియే, 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టము క్రింది నియమములలో ప్రత్తిగింజలు విస్తారముగా మేపు ప్రాంతములకు నేతి ప్రమాణములను వేఱుగా ఏర్పఱచిరి. వనస్పతి కలిపిన మోసమును పట్టుటకు మఱియొక ఉపాయము కలదు. వనస్పతిలో నువ్వులనూనెను తప్పక కలుపవలెనని మన ప్రభుత్వము నియమము చేసినది. నువ్వులనూనె బోదువాఁ పరీక్షలో ఎఱ్ఱగా తిరుగును గనుక నేతిలోని వనస్పతి బయటపడును. దొంగ మెడకు గంట కట్టినట్టి ఏర్పాటు ఇది.

పోలికకై మేము నాలుగు విధముల వెన్నలను ఒకే దినమున వరుసగా రుచి చూచితిమి. మొదటిది నాటి ఉదయము చిలికిన ఎనుము వెన్న. రెండవది ఉప్పు కలిసిన పసుపు పొట్లము. మూడవది ఉప్పులేని తెల్ల పొట్లము. నాలుగవది సముద్రము దాటి వచ్చిన, పులియబెట్టిన మీగడ వెన్న. మన సీమలో నంద్యాల పాలసంఘపు ‘విజయ’, పొరుగున కర్ణాటక సమాఖ్య ‘నందిని’, గుజరాతు ‘అమూల్’, గుంటూరు దిక్కున ‘సంగం’ మున్నగు పేర్లతో వెన్నలు దొరకును. మా తీర్పు ఏ యొక్క పేరునకును సంబంధించినది కాదు; రకములకు సంబంధించినది.

ఒట్టి నాలుకమీద పెట్టుకొన్నపుడు సముద్రము దాటిన వెన్నకే మొదటి స్థానము. నోటిలో సమముగా కరగి, చివర సన్నని పులుపును విడిచి పోవును. చల్లకుండ వెన్న పులుపులో దానికి జ్ఞాతి. కాని మజ్జిగ తడి యెక్కువ, నునుపు తక్కువ. పసుపు పొట్లమున ముందు తెలియునది ఉప్పు. తెల్ల పొట్లము వట్టిగా తిన్నపుడు ఏ ముద్రయు వేయదు.

రొట్టె మార్చినపుడు తీర్పు మారినది. బజారు బ్రెడ్డు తియ్యగా, చప్పగా ఉండును. దానికి ఉప్పు వెన్నయే తగినది. ఆ ఉప్పును తీసివేసినచో ఆ రెంటికిని పొత్తు కుదరదు. దోసెకు తెల్ల పొట్లము చక్కగా సరిపోయినది; దావణగెరె బెణ్ణెదోసెకు తెల్లని, ఉప్పులేని వెన్ననే వాడుటలోని మర్మము మాకు అపుడు బోధపడినది. ఉప్పు పిండిలోనే యున్నది, పచ్చడిలోనే యున్నది. వెన్న చేయవలసినది పెనముమీద అంచును కరకరలాడించుటయే. ఇక పెనము దిగిన జొన్నరొట్టె, దానిమీద చెనక్కాయల పొడి. ఇచట చల్లకుండ వెన్నకు సాటి లేదు. జొన్నకు స్వతహాగా ఒక వగరు కలదు. పొడికి కారము కలదు. ఆ రెంటినడుమ పెరుగు పులుపు గల వెన్న కరగి, పొడిని తడిపి, వగరును మఱపించును. నాలుగింతల వెల గల విదేశపు వెన్న ఈ రొట్టెమీద తన సుకుమారమునంతయు కోల్పోయినది. వేడికి కరగి, కారమున కలిసి, ఏ వెన్నయో తెలియకుండ పోయినది. దానిని ఇట్లు తినుట పట్టుచీరతో కల్లము ఊడ్చుట వంటిది.

ఆ వెన్నను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. ఫ్రాన్సులో షారాంత్–ప్వాతూ వెన్నకు 1979లోను, ఇసిన్యీ వెన్నకు 1986లోను ప్రాంతపు పేరునకు చట్టరక్షణ లభించినది. ఆ పేరు పెట్టుకొనుటకు పాలు ఏ పల్లెలనుండి రావలెనో, మీగడ ఎట్లు పులియవలెనో నియమములు కలవు. డెన్మార్కువారు 1901లోనే తమ వెన్నకు ‘లూర్’ అను పురాతన కొమ్ముబూర గుర్తును ఏర్పఱచిరి. ఐర్లండువారు 1962లో ‘కెర్రీగోల్డ్’ పేరుతో ఇంగ్లండు అంగళ్లకెక్కిరి. ఒక చిన్న దేశపు పాడిరైతు తన గడ్డికి, తన తోడునకు వెల కట్టించుకొనుట చిన్న విషయము కాదు. అయితే ఆ పొట్లము మన ఊరు చేరునప్పటికి ఓడ కిరాయి, సుంకము, దారి పొడవున మంచు ఖర్చు కలిసి వెల కొండెక్కును. మనము చెల్లించు రూపాయలలో అధికభాగము రుచికి కాదు, ప్రయాణమునకు.

వెలను పోల్చుటకు మేము ఒక సులభమైన లెక్కను సూచింతుము. పొట్లము వెలను గాక, అందలి కొవ్వు వెలను చూడవలెను. లెక్క కొఱకు పసుపు పొట్లము కిలో 600 రూపాయలనుకొందము. అందులో కొవ్వు 80 పాళ్లు. కావున కిలో కొవ్వునకు 750 రూపాయలు పడును. పల్లెలో చేతివెన్న కిలో 500 రూపాయలకు దొరకినదనుకొందము. చౌక గదా యని సంతోషింపరాదు. సరిగా పిండని వెన్నలో నీరు, మజ్జిగ ముప్పది పాళ్ల వఱకు ఉన్నచో కొవ్వు 70 పాళ్లే. అపుడు కొవ్వు కిలో 714 రూపాయలు. తేడా వంద కాదు, ముప్పదియాఱు. అదే వెన్నను బాగుగా కడిగి పిండి ఇచ్చిన గృహిణి కిలోకు యాభై రూపాయలు ఎక్కువ అడిగినను నష్టము లేదు. విదేశపు పొట్లము కిలో 2000 అనుకొన్నచో, 82 పాళ్లయినను కొవ్వు కిలో 2400 దాటును.

నీటిని కనిపెట్టుటకు ఇంటిలో పరీక్ష సులభమే. నూఱు గ్రాముల వెన్నను తూచి, చిన్నమంటమీద చిటపట చప్పుడు ఆగువఱకు కాచి, వడపోసి, నేతిని తూచవలెను. చప్పుడు చేయునది నీరు. అది ఆగినదనగా నీరు పోయినదనుట. 80 గ్రాములకు దగ్గఱగా నేయి వచ్చినచో వెన్న మంచిది. 70కి దిగినచో అమ్మినవారితో మాటాడవలసి యుండును.

నెయ్యికొఱకు ఉప్పు పొట్లమును కొనువారిని పట్టణములలో చూచుచున్నాము. ఇది తెలివితక్కువ బేరము. ఉప్పునకు వెన్న వెల ఇచ్చి, ఆ ఉప్పును గిన్నె అడుగున గసిలో పాఱవేయుటయే గదా! ‘చేత వెన్న పెట్టుకొని నేతికి ఊరంతా తిరిగినట్లు’ అని సామెత. ఇప్పుడు చేతిలోనిది ఏ వెన్నయో కూడ చూచుకొనవలసి వచ్చినది. నేతికి చేతివెన్న మొదటిది, ఉప్పులేని తెల్ల పొట్లము రెండవది. పెరుగు వెన్న కాచినపుడు అందు మిగిలిన మజ్జిగ అడుగున ఎఱ్ఱగా వేగి నేతికి సువాసన నిచ్చును. తీపి మీగడ నేతిలో ఆ సువాసన తక్కువ. కాచునపుడు తమలపాకో, మునగాకో వేయు వాడుక మంచిదే. కాని మంచి వెన్నకు దాని యవసరము ఉండదు.

ఇప్పుడు అమ్మువాని వైపు నుండి చూతము. ఈ వైపును వార్తాపత్రికల ప్రకటనలు చూపవు. ఎనుము పాలలో కొవ్వు నూటికి 7 పాళ్లు అనుకొన్నచో, కిలో వెన్నకు సుమారు 12 లీటర్ల పాలు కావలెను. 4 పాళ్ల ఆవుపాలైనచో 20 లీటర్లు. పాలకేంద్రమువారు లీటరుకు 50 రూపాయలు ఇచ్చినారనుకొన్నచో 12 లీటర్లకు 600 రూపాయలు. పొద్దున చెంబు పట్టుకొనిపోయి పోసి వచ్చినచో పని తీఱెను. అవే పాలను కాచి, తోడుపెట్టి, తెల్లవారుజామున చిలికి, కడిగి, వెన్న అమ్మినచో వచ్చునది 500, 600 రూపాయలే. కట్టెలు, చేతికష్టము లెక్కలోనికి రాలేదు. మిగిలిన లాభము మజ్జిగ ఒక్కటే. పల్లెలలో మజ్జిగను అమ్ముట నామోషీగా భావించెడివారు. అడిగినవారికి చెంబెడు పోయుటయే మర్యాద.

అందుచేత కవ్వము మూలకు చేరుచున్న దన్నచో తప్పు ఆ ఇల్లాలిది కాదు. పడమటి కర్నూలు మండలములలో వానలు మొగము చాటువేసిన యేట కుటుంబములకు కుటుంబములు గుంటూరు సీమకు మిరపకోతలకు, ప్రత్తి తీయుటకు తరలిపోవును. దానిని ‘సుగ్గి’కి పోవుట యందురు. ఇంటికి తాళము పడినపుడు ఎనుమును అమ్ముట, లేక ముసలివారికి అప్పగించుట తప్పదు. తిరిగి వచ్చిన పిదప పాలు కేంద్రమునకు పోయుటయే తక్షణము చేతికి డబ్బు తెచ్చు మార్గము. పాలు అమ్మిన యిల్లు పెరుగునకు పొట్లము కొనును, పండుగకు వెన్న పొట్లమును కొనును. మజ్జిగ పోసెడి ఇల్లు లేనపుడు ఎనుము లేని పొరుగింటి పిల్లవాని సంకటిలో మజ్జిగ లేదు. పాలకేంద్రము వచ్చుట చెడ్డదని మేము అనము. దానివలన ఆడవారి చేతికి సొమ్ము వచ్చినది, పాలకు వెల వచ్చినది. కాని ఆ లెక్కపుస్తకమున ఈ చెంబెడు మజ్జిగకు గడి లేదు.

ఈ లెక్క తెలిసినవారు చేతివెన్న వెలను గూర్చి బేరమాడుటకు ముందు ఒకసారి ఆలోచింతురు. పుల్లని వాసన గల వెన్నకు ఐరోపాలో పేరును, చట్టమును, వెలయును కట్టియున్నారు. మన కడుబూరు ఎనుము వెన్నకు అట్టి పేరు లేదు, కాగితము లేదు. పొట్లపు వెన్న వెలనే దానికిని కట్టుచున్నాము, ఇంకను తగ్గించి అడుగుచున్నాము. కిలో పొట్లము వెలకు అది ఒకింత ఎక్కువ పలికిననే న్యాయమని మా యభిప్రాయము. అయితే నీరు పిండి, కడిగి, ఆనాటిది ఆనాడే అమ్మవలెను. దుమ్ము, వెండ్రుక, నిన్నటి పులుపు కలిపి అమ్మి, ‘ఇంటి వెన్న’ యని పేరు చెప్పిన చెల్లదు.

పొట్లము కొనువారు చిన్న అక్షరములను చదువవలెను. ‘బటర్’ అని యుండవలెను. ‘ఫ్యాట్ స్ప్రెడ్’ అని యున్నచో అది వెన్న కాదు. అందులో కొవ్వు 80 పాళ్లకు లోబడి 40 పాళ్ల వఱకు దిగి యుండవచ్చును, ఆ కొవ్వు నూనెది కావచ్చును. రెండును ఒకే రంగు డబ్బాలలో, ఒకే అరమీద కూర్చుండును. కొవ్వు ‘పాలకొవ్వు’ అని వ్రాసియున్నదో లేదో చూచుకొనవలెను. ఉప్పు వేసినది కొంతకాలము నిలుచును. ఉప్పులేనిది త్వరగా చెడును. వెన్నకు పొరుగువాసనలు పట్టుకొను గుణము మెండు. ఉల్లి, వెల్లుల్లి ప్రక్కన మూతలేక పెట్టినచో తెల్లవారునప్పటికి అది ఉల్లివెన్న యగును.

చేతివెన్నను ఫ్రిజ్జు లేని యింట నిలువయుంచుటకు పాత పద్ధతియే మంచిది. ముద్దను చన్నీటిలో రెండు మూడు మాఱులు, నీరు తేటపడువఱకు కడిగి, మట్టిమూకుటిలో మంచినీటిలో ముంచి, తడిగుడ్డ కప్పి, గాలి తగులుచోట ఉట్టిమీద ఉంచవలెను. పూటకొకసారి నీరు మార్చవలెను. చలికాలమున ఇట్లు రెండు దినములు ఉండును. ఎండకాలమున ఒక్క పూటయే. ఆ పూట దాటినచో సందేహింపక పొయ్యిమీద పెట్టి నేయి చేయవలెను.